పన్ను కట్టేటప్పుడు లోకల్, ఫీజు కట్టేటప్పుడు నాన్-లోకల్

లోకల్, నాన్-లోకల్ అంటే ఏమిటో మనకు అమెరికావాళ్ళు నేర్పనక్కర్లేదు. ముల్కీ నిబంధనల గొడవ మీద 1969లో ఒకసారి, 1972లో ఇంకోసారి మన పెద్దవాళ్ళ చదువులు నెలల తరబడి ఆగిపోయాయి. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాక కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు అన్నారు. వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడి లోకల్ అన్నారు. ఎంసెట్ కౌన్సెలింగుకి వెళ్ళిన ప్రతివాడూ స్టడీ సర్టిఫికెట్ల కట్ట చంకలో పెట్టుకుని క్యూలో నిలబడ్డవాడే. ఉస్మానియా లోకలా, ఆంధ్రా లోకలా, ఎస్వీయూ లోకలా అంటే నిద్రలో లేపి అడిగినా చెప్పగలం.

ఇంత పట్టింపు ఉన్న మనం అమెరికా వచ్చాక ఇక్కడి లోకల్ నిబంధన దగ్గరకొచ్చేసరికి మూగనోము పడతాం. ఇక్కడ దాని పేరు ఇన్-స్టేట్ ట్యూషన్. పిల్లవాడు పదకొండో తరగతికి వచ్చేదాకా అది మనకు గుర్తుకు రాదు. గుర్తుకొచ్చాక కూడా దాన్ని ఒక డిస్కౌంటు కూపన్ లాగానే చూస్తాం. దొరికితే మన అదృష్టం, దొరక్కపోతే మన ఖర్మ. ఆ నిబంధన ఎవరు రాశారో, ఎవరు కొట్లాడి నిలబెట్టారో, ఇప్పుడు ఎవరు తుడిచేస్తున్నారో ఆరా తియ్యం.

ఇన్-స్టేట్ ఫీజు డిస్కౌంటు కాదు, హక్కు. ఒక రాష్ట్రంలో బతుకుతూ, అక్కడే పన్నులు కడుతూ, అక్కడే పిల్లల్ని పెంచుతున్న కుటుంబాన్ని ఆ రాష్ట్రం తనదిగా ఒప్పుకోవడం. అందుచేత మనం చెయ్యాల్సిన పనులు రెండు. ఆ హక్కును సిగ్గుపడకుండా వాడుకోవాలి, అంటే మన రాష్ట్రపు కాలేజీని గౌరవంగా ఎంచుకోవాలి. దాన్ని మనకోసమే కాక పక్కవాడి కోసం కూడా కాపాడాలి. మొదటిది సగం మందిమి చేస్తున్నాం. రెండోది దాదాపు ఎవరమూ చెయ్యడంలేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం

కాలిఫోర్నియా యూనివర్సిటీలో 2025-26లో కొత్తగా చేరిన బయటి రాష్ట్రపు విద్యార్థి, మామూలు ట్యూషన్ కాక, నాన్-రెసిడెంట్ అన్న ఒక్క ముద్రకు ఏడాదికి 37,602 డాలర్లు అదనంగా కట్టాలి. నాలుగేళ్ళకు లక్షా యాభై వేలు. అదే క్లాసు, అదే ప్రొఫెసరు, అదే డిగ్రీ కాగితం. తేడా అంతా ఇంటి అడ్రసులో ఉంది.

ఇండియానాలో పర్‌డ్యూ యూనివర్సిటీ 2013లో ఫీజు పెంచడం ఆపేసి పదేళ్ళు దాటినా ఆ మాట మీదే నిలబడింది. అక్కడ రాష్ట్రపు పిల్లలకు ఏడాది ట్యూషన్ 9,992 డాలర్లు, బయటి రాష్ట్రాల వాళ్ళకు 28,794. ఇంజనీరింగుకి దేశంలో పేరున్న కాలేజీ అది. ఇండియానాలో ఉండే తెలుగు కుటుంబం దాన్ని కాదని తూర్పు తీరంలో ఏదో ప్రైవేటు కాలేజీకి ఏడాదికి 80 వేలు పోస్తే దాన్ని చదువు ఖర్చు అనరు, వేలంవెర్రి అంటారు.

ఇంకా కింద నుంచి మొదలుపెడదాం. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో రెసిడెంటుకు యూనిట్టుకి 46 డాలర్లు. రెండేళ్ళ చదువుకు 60 యూనిట్లు, అంటే మొత్తం 2,760 డాలర్లు. అక్కడ మంచి మార్కులు తెచ్చుకున్నవాడు మూడో ఏడు డేవిస్, అర్వైన్, శాంటా బార్బరా లాంటి క్యాంపస్‌లకు ముందే హామీ తీసుకుని బదిలీ కావచ్చు. పట్టా మీద కమ్యూనిటీ కాలేజీ పేరు ఉండదు. ఈ మాట మనవాళ్ళ విందులో అని చూడండి. "అయ్యో, పిల్లాడికి మంచి కాలేజీలో రాలేదా అండీ?" అని జాలిపడతారు. జాలిపడ్డ ఆ పెద్దమనిషి తన ఇంటి మీద రెండో అప్పు తీసుకుని అమ్మాయి ఫీజు కడుతూ ఉంటాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే.

బ్రాండు పిచ్చికి మందు

మనలో ఎక్కువమందిమి ఇక్కడికి మాస్టర్స్ చెయ్యడానికే వచ్చాం, అదీ ఎక్కువగా స్టేట్ యూనివర్సిటీల్లో. నేనూ అలా వచ్చినవాడినే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ మేనేజరూ నా కోడ్ చూసి "ఇది స్టేట్ కాలేజీ కోడ్" అనలేదు. హైదరాబాదులో చదువుకున్న ఇద్దరి సంగతి చూడండి. 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టిన సత్య నాదెళ్ళ మాస్టర్స్ చేసింది విస్కాన్సిన్ యూనివర్సిటీ మిల్వాకీ క్యాంపస్‌లో. 2007లో అడోబీ పగ్గాలు పట్టిన శంతను నారాయణ్ చేసింది ఒహాయోలో బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీలో. ఈ రెండు పేర్లూ మన సంఘాల వేదికల మీద నుంచి ఏటా వింటాం. ఆ రెండు కాలేజీల పేర్లు మాత్రం పిల్లల ముందు ఎత్తం.

స్టేట్ కాలేజీ అంటే చవకరకం సరుకు కాదు. 1862లో లింకన్ సంతకం పెట్టిన మారిల్ చట్టం కింద ఒక్కొక్క కాంగ్రెస్ సభ్యుడికి 30 వేల ఎకరాల లెక్కన రాష్ట్రాలకు భూమి ఇచ్చి, రైతుబిడ్డలూ కూలిబిడ్డలూ చదువుకోవడానికి కాలేజీలు పెట్టమన్నారు. ఆ భూమి ఆదివాసి తెగల దగ్గర లాక్కున్నది అన్న సంగతి కూడా మరిచిపోకూడదు. పర్‌డ్యూ, టెక్సాస్ ఏ అండ్ ఎమ్, పెన్ స్టేట్, ఇల్లినాయి అన్నీ ఆ చట్టం పిల్లలే. మన డాలస్ వాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వ్యవస్థాపకులు పెట్టుకున్న పరిశోధన కేంద్రాన్ని 1969లో రాష్ట్రానికి అప్పగిస్తే అది యూటీ డాలస్ అయింది. పక్కనే ఇంజనీర్లు కావాలి కాబట్టి పుట్టిన కాలేజీ. ప్లేనోలో, ఫ్రిస్కోలో కాపురం ఉంటున్న ఇంజనీరు పిల్లకు అంతకంటే సహజమైన కాలేజీ ఇంకేముంటుంది? దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు.

ఎవరు లోకల్?

నియమాలు రాష్ట్రానికొక రకం. అయినా మూలసూత్రం ఒకటే. ఆ రాష్ట్రంలో ఉండాలి, ఉండిపోయే ఉద్దేశం కనపడాలి, చాలా చోట్ల కనీసం పన్నెండు నెలలు గడవాలి. కాలిఫోర్నియాలో లెక్కగా ఒక ఏడాది మీద ఒక రోజు. ఉద్దేశం కనపడటం అంటే రాష్ట్రపు ఆదాయపన్ను రిటర్నులు, డ్రైవింగ్ లైసెన్సు, కారు రిజిస్ట్రేషన్, ఇంటి కాగితమో అద్దె అగ్రిమెంటో. చదువుకునే పిల్ల తల్లిదండ్రుల మీద ఆధారపడితే తల్లిదండ్రుల నివాసమే ఆమె నివాసం.

వీసా మీద ఉంటే కుదరదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. టెక్సాస్, కాలిఫోర్నియా, వర్జీనియా, నార్త్ కెరొలైనా వంటి చోట్ల హెచ్-1బి, హెచ్-4 వీసాల వాళ్ళు రెసిడెంట్లు కావచ్చు. ఈ హక్కు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1970లలో ప్రపంచ బ్యాంకు వంటి సంస్థల్లో పనిచేసే విదేశీ ఉద్యోగుల పిల్లలు, జీ-4 వీసా మీద ఉన్నవాళ్ళు, మేరీలాండ్ యూనివర్సిటీ తమకు ఇన్-స్టేట్ ఫీజు ఇవ్వడంలేదని కోర్టుకెక్కారు. అది మూడుసార్లు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చివరికి 1982లో టోల్ వర్సెస్ మోరెనో తీర్పు వచ్చింది. ఇక్కడ స్థిరనివాసం ఏర్పరచుకోవచ్చని ఫెడరల్ చట్టమే ఒప్పుకున్న వీసాదారుల పిల్లలకు, వీసా పేరు చెప్పి రాష్ట్రం ఆ ఫీజు నిరాకరించడం చెల్లదని తేల్చింది. తర్వాత 1990 ఇమిగ్రేషన్ చట్టం, స్వదేశంలో ఇల్లు వదులుకోలేదని హెచ్-1బి వాళ్ళు రుజువు చెయ్యక్కర్లేదు అంది. ఈ రెంటినీ కలిపి చదివితే మన హెచ్-4 పిల్లల ఇన్-స్టేట్ ఫీజుకు పునాది ఎక్కడుందో తెలుస్తుంది. మనకంటే ముందు వచ్చిన పరాయి దేశాల పిల్లలు ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడి వేసిన దారి మీద మనం కార్లో వెళ్తున్నాం.

ఎఫ్-1 విద్యార్థికి మామూలుగా ఈ హక్కు లేదు. చదువయ్యాక తిరిగి వెళ్తానని చెప్పే వీసా కాబట్టి స్థిరనివాసం కుదరదంటారు. అయినా టెక్సాస్ చట్టంలో ఒక చిన్న సెక్షన్ ఉంది. పోటీలో కనీసం వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ గెలుచుకున్నవాడికీ, సగం సమయం టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంటుగా పనిచేసేవాడికీ రెసిడెంటు ఫీజే వేయవచ్చు. ఊళ్ళో పొలం తాకట్టు పెట్టి వచ్చే మన పిల్లలు ఎందరో ఆ వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ దయవల్ల గట్టెక్కారు. ఆ సెక్షన్ రాసింది ఆస్టిన్‌లో కూర్చున్న శాసనసభ్యులు. రాసినవాళ్ళు ఏదో ఒకరోజు కొట్టేయగలరు కూడా.

మన బతుకులకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. నాన్న ప్రాజెక్టు కోసం ఒహాయోలో, అమ్మా పిల్లలు నార్త్ కెరొలైనాలో, పేరోలు న్యూజెర్సీలో. పన్ను రిటర్ను ఒక రాష్ట్రంలో, లైసెన్సు ఇంకో రాష్ట్రంలో. ఫీజు దగ్గరకొచ్చేసరికి ఏ రాష్ట్రమూ "నువ్వు మావాడివి" అనదు. పిల్ల పదో తరగతిలో ఉండగానే ఈ కాగితాలన్నీ ఒక్క రాష్ట్రంలోకి తెచ్చుకోవాలి. పన్నెండో తరగతిలో ఉద్యోగం మారి రాష్ట్రం మారేముందు కొత్త జీతంలో పెరిగేదెంతో, ఫీజులో పోయేదెంతో పక్కపక్కన వేసి చూసుకోవాలి. దరఖాస్తులో వీసా గడి చూడగానే కంప్యూటర్ "ఇంటర్నేషనల్" అని ముద్ర వేసేస్తుంది. అది తుది మాట కాదు. పునఃపరిశీలనకు కాగితాలు పెట్టుకునే వీలుంటుంది, పెట్టుకోండి. ఐ-485 పెండింగులో ఉంటే ఆ రసీదు కూడా చాలా చోట్ల పనికొస్తుంది. పడమటి రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. అక్కడి రాష్ట్రాల ఒప్పందం కింద చాలా కాలేజీలు పొరుగు రాష్ట్రపు పిల్లల నుంచి ఇన్-స్టేట్ ఫీజుకు ఒకటిన్నర రెట్లు మించి వసూలు చెయ్యవు. బర్క్లీ, లాస్ ఏంజిలస్ లాంటివి అందులో లేవు. అవి తప్ప కాలేజీలే లేవనుకునే వాళ్ళకు చెప్పేదేమీ లేదు. అడగందే అమ్మైనా పెట్టదు, రిజిస్ట్రార్ ఎలా పెడతాడు?

ఇరవై ఒకటో పుట్టినరోజు

అసలు దెబ్బ ఇక్కడ తగులుతుంది. దేశానికి 7 శాతం పరిమితి వల్ల మన గ్రీన్‌కార్డు క్యూ ఎంత పొడుగో మీకు చెప్పనక్కర్లేదు. నాలుగేళ్ళ వయసులో వచ్చిన పాప, ఇక్కడే ఏబీసీడీలు దిద్దిన పాప, ఇరవై ఒకటో పుట్టినరోజున హెచ్-4 పోగొట్టుకుంటుంది. ఎఫ్-1కి మారాలి, లేదా దేశం వదలాలి. ఎఫ్-1కి మారితే కొన్నిచోట్ల కొత్త వీసా కాబట్టి కొత్త లెక్క అంటారు. మూడో సంవత్సరం మధ్యలో ఫీజు రెండింతలో మూడింతలో అవుతుంది. హెచ్-4లో ఉన్నంతకాలం కూడా ఫెడరల్ సహాయం ఒక్క డాలరు రాదు. జార్జియాలో 1993 నుంచి లాటరీ డబ్బుతో నడుస్తున్న హోప్ స్కాలర్‌షిప్ కూడా రాదు. క్లాసులో మొదటి ర్యాంకు తెచ్చుకున్నా అంతే. ఆ లాటరీ టికెట్టు మాత్రం ఎవరు కొన్నా అమ్ముతారు.

ఇలాంటి పిల్లలు దేశం మొత్తం మీద రెండు లక్షలకు పైనే ఉంటారని అంచనా. 2002 నాటి బాలల హోదా రక్షణ చట్టం కొంత కాపాడింది. 2025 ఆగస్టు 15 నుంచి ఇమిగ్రేషన్ శాఖ వయసు లెక్కగట్టే తేదీని మార్చి ఆ గొడుగును చిన్నది చేసింది. 2012లో వచ్చిన డాకా వీళ్ళకు వర్తించదు, ఎందుకంటే వీళ్ళు చట్టప్రకారం ఉన్నారు! వీళ్ళకోసం 2021లో కాంగ్రెసులో పెట్టిన బిల్లు చట్టం కాలేదు.

"వాళ్ళకిస్తారు, మాకివ్వరు"

ఇప్పుడు మనవాళ్ళు నలుగురు కూర్చున్నప్పుడు తప్పకుండా వినపడే మాట దగ్గరికి వద్దాం. "కాగితాల్లేని వాళ్ళ పిల్లలకు ఇన్-స్టేట్ ఇస్తారు. లైన్లో నిలబడి పన్నులు కట్టే మన పిల్లలకు ఇవ్వరు. ఆ చట్టాలు రద్దు చేస్తే మంచిదే!"

ఈ కోపంలో నిజం లేకపోలేదు. కాలిఫోర్నియాలో 2001లో వచ్చిన ఏబీ 540 చట్టం, రాష్ట్రంలో మూడేళ్ళు హైస్కూలు చదివి పాసైనవాడికి నాన్-రెసిడెంట్ ఫీజు మినహాయించింది. కానీ తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళను పేరు పెట్టి పక్కన పెట్టింది. పన్నెండేళ్ళు అక్కడే బడికెళ్ళి, ఇరవై ఒకటి నిండి ఎఫ్-1కి మారిన పిల్లకు ఆ చట్టం ముఖాన తలుపు వేసింది. ఇది అన్యాయం. ఒప్పుకుంటాను.

కానీ తలుపు ఇరుకుగా ఉందంటే వెడల్పు చెయ్యమని అడగాలి గాని, ఇల్లు కూల్చమంటామా? ఆ చట్టం నిలబడ్డ తీరు చూడండి. 1996లో వచ్చిన ఫెడరల్ చట్టం, కాగితాల్లేని వాళ్ళకు నివాసం ఆధారంగా ఫీజు తగ్గిస్తే, అదే తగ్గింపు దేశంలోని పౌరులెవరికైనా వర్తించాలంది. అందుకే కాలిఫోర్నియా నివాసం మాట ఎత్తకుండా హైస్కూలు చదువు మీద చట్టం రాసింది. 2010లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అది చెల్లుతుందని చెప్పింది. "ఇక్కడ బడికెళ్ళిన పిల్ల ఇక్కడి పిల్లే" అన్న ఆ సూత్రం కంటే మన పిల్లలకు పనికొచ్చే సూత్రం ఇంకొకటి ఉందా?

టెక్సాస్ చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2001లో ఈ పని మొదట చేసిన రాష్ట్రం అదే, సంతకం పెట్టింది రిపబ్లికన్ గవర్నర్ రిక్ పెర్రీ. 2005లో దాన్ని సవరించి, హైస్కూలు పాసయ్యే ముందు మూడేళ్ళు టెక్సాస్‌లో ఉన్నవాళ్ళందరికీ వర్తింపజేశారు. వీసా ఏదన్న పట్టింపు లేదు. అంటే ఇరవై ఒకటి నిండి ఎఫ్-1కి మారిన మన ఫ్రిస్కో పిల్లకు గొడుగు పట్టింది ఆ చట్టమే. మనం తిట్టుకుంటున్న ఆ చట్టమే!

2025లో ఏం జరిగింది? దాన్ని రద్దు చేసే బిల్లు శాసనసభలో ముందుకు కదల్లేదు. జూన్ 4న ఫెడరల్ న్యాయశాఖ టెక్సాస్ మీద దావా వేసింది. రాష్ట్రం ఎదురు వాదించకుండా అదే రోజు ఒప్పుకుంది. అదే రోజు కోర్టు ఉత్తర్వు వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ చట్టం, చట్టబద్ధ హోదా లేని విద్యార్థుల వరకు, ఒక్కరోజులో ఆగిపోయింది. ఫ్లోరిడా 2014లో తెచ్చిన సదుపాయాన్ని తానే రద్దు చేసుకుని 2025 జూలై 1 నుంచి ఆపేసింది. అదే ఏడాది కెంటకీ, మిన్నెసోటా, ఓక్లహోమా, ఇల్లినాయి, కాలిఫోర్నియాల మీద కూడా న్యాయశాఖ దావాలు వేసింది.

"మనం చట్టబద్ధంగా ఉన్నాం కదా, మనకేం?" అంటారా? టెక్సాస్ ఉత్తర్వు మాటల ప్రకారం నిజమే, ఇవాళ్టికి మన పిల్లకు ముప్పు లేదు. కానీ చట్టం పూర్తిగా పోయిన రోజున ఆ గొడుగూ పోతుంది. కాగితాల్లేని వాడి పిల్లకు మూసిన తలుపు దగ్గర రేపు కాపలావాడు ప్రతి పిల్లనీ ఆపి కాగితాలు అడుగుతాడు. పేరు చూస్తాడు, రంగు చూస్తాడు. హెచ్-1బి వాళ్ళ మీద ఈ దేశంలో ఇప్పుడు ఎంత ప్రేమ పొంగుతోందో మనకు తెలియనిదా? వీసా మీద ఉన్నవాడు ఎప్పటికీ పరాయివాడే అన్న వాదన గెలిస్తే, 1982 నాటి తీర్పు కూడా మన పిల్లకు కంచె కాలేదు. కూర్చున్న కొమ్మను నరికేవాడికి గొడ్డలి అందించడం తెలివనిపించుకోదు.

ఇంకొక మాట, కొంచెం కష్టంగా ఉన్నా చెప్పాలి. మనలో ఎందరం సొంత డబ్బుతో చదువుకున్నాం? యూనివర్సిటీ కాలేజీల్లో నామమాత్రపు ఫీజుతో చదివినవాళ్ళు, సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో ఉండి చదివినవాళ్ళు, 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఇంజనీరింగు గట్టెక్కినవాళ్ళు ఎంతమంది లేరు? ఊళ్ళో కూలి చేసుకునేవాడు అగ్గిపెట్టె మీద కట్టిన పన్ను కూడా మన ఫీజులో ఉంది. ఆ చదువుతో విమానం ఎక్కి వచ్చి, ఇక్కడ తోట పనివాడి కూతురు స్టేట్ కాలేజీలో చదువుకుంటే "నా పన్ను డబ్బు" అని గుండెలు బాదుకోవడం మనకు తగదు. ఆ తోట పనివాడూ అద్దె కడుతున్నాడు, ఆ అద్దెలో ఇంటి పన్ను ఉంది. సబ్బు కొన్నా సేల్స్ టాక్సు కడుతున్నాడు.

ఏం చెయ్యాలి?

మంగళగిరి ఎమ్మెల్యే ఎవరో, సిద్దిపేట ఎమ్మెల్యే ఎవరో మనకు తెలుసు. వాళ్ళ మెజారిటీ కూడా తెలుసు. మన ఇల్లున్న చోట రాష్ట్ర శాసనసభ్యుడి పేరు అడిగితే గూగుల్ తెరుస్తాం. కాలేజీ ఫీజు నిర్ణయమయ్యేది ఆస్టిన్, సాక్రమెంటో, రిచ్మండ్, అట్లాంటాలలో. మన రాజకీయమంతా వాషింగ్టన్, హైదరాబాద్, అమరావతుల చుట్టూ తిరుగుతుంది. మన సంఘాల సభలకు తారలు వస్తారు, మంత్రులు వస్తారు. ఉన్నత విద్య కమిటీలో కూర్చునే ఒక్క రాష్ట్ర సెనేటర్ని పిలిచి, "ఇరవై ఒకటి నిండిన మా పిల్ల సంగతేమిటి?" అని వేదిక మీద అడిగిన సందర్భం మీకు గుర్తుందా? నాకు లేదు.

వీసా మీద ఉన్నవాళ్ళ భయం నాకు తెలుసు. వాళ్ళు ఓటు వెయ్యలేరు, అభ్యర్థులకు చందా ఇవ్వకూడదు. ఈ రోజుల్లో నోరు తెరవాలంటేనే వెనకాడతారు. అందుకే పౌరసత్వం వచ్చినవాళ్ళ మీద బరువు ఎక్కువ. పాస్‌పోర్టు రంగు మారగానే వెనక క్యూలో ఉన్నవాళ్ళను మర్చిపోయిన పెద్దలు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళకు నా విన్నపం ఇది. మీ శాసనసభ్యుడికి ఒక ఉత్తరం రాయండి. అందులో రెండే కోరికలు ఉంటే చాలు. మొదటిది, ఈ రాష్ట్రంలో హైస్కూలు చదివి పాసైన ప్రతి పిల్లకూ, వీసా ఏదైనా, వీసా మారినా, వీసా లేకపోయినా, ఇన్-స్టేట్ ఫీజు ఉండాలి. రెండోది, ఒకసారి రెసిడెంటు అని చేర్చుకున్న విద్యార్థిని డిగ్రీ పూర్తయ్యేదాకా మధ్యలో నాన్-రెసిడెంటుగా మార్చకూడదు. బిల్లు మీద బహిరంగ విచారణ జరిగే రోజున ఒక్క పూట సెలవు పెట్టి వెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడండి. లాటినో విద్యార్థి సంఘాలు ఇరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నాయి. వాళ్ళ పక్కన మనం నిలబడితే రెండు వర్గాల పిల్లలూ బాగుపడతారు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లకు సొంత రాష్ట్రపు కాలేజీలో సీటొస్తే తల దించుకోకండి, నలుగురికీ గర్వంగా చెప్పండి. అప్పు లేకుండా డిగ్రీ పూర్తి చేసిన పిల్ల ఇరవై రెండేళ్ళకు తనకు నచ్చిన ఉద్యోగం ఎంచుకుంటుంది. రెండు లక్షల అప్పున్న పిల్ల అప్పు చెప్పిన ఉద్యోగం చేస్తుంది.

స్టడీ సర్టిఫికెట్ల కట్ట చంకలో పెట్టుకుని "నేను లోకల్" అని కౌన్సెలింగ్ హాల్లో ధైర్యంగా చెప్పినవాళ్ళం మనం. ఇక్కడ పదేళ్ళు, పదిహేనేళ్ళు పన్నులు కట్టాం. ఇంకా ఎవరి అనుమతి కోసం ఆగాలి? మన పిల్లలు ఇక్కడి లోకల్. వాళ్ళ పక్క బెంచీలో కూర్చున్న పిల్లలూ లోకలే. ఆ మాట మనం ఇద్దరికీ కలిపి అడిగితేనే శాసనసభ వింటుంది.